కామాచారి కోసిన రేకు

నేను ఒక బీరువాను. ఈ ముక్క నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవడం లేదు. కాకినాడ జగన్నాథపురంలో ఒక ఇంటి పెరటి వసారాలో, తలుపులు ఊడి, ఒంటినిండా ఉలి గాట్లతో నిలబడి ఉన్నాను. మొన్న గ్యాసు బండ తెచ్చినతను "ఈ పెట్టె కాస్త పక్కకి లాగండమ్మా" అన్నాడు. పెట్టెట. ఒకప్పుడు నా తలుపు మీద చెయ్యి వేయడానికి కూడా జనం జంకేవారు.

నన్ను చేసినవాడు కొమ్మోజు కామాచారి. అది జరిగి అరవై ఏళ్ళ పైమాట. ప్లీడరు తటవర్తి సోమయాజులుగారు రోజ్‌వుడ్ బీరువా కావాలని కబురు పెట్టారు. అంత రోజ్‌వుడ్ దొరకడం అప్పుడూ గగనమే. కామాచారి దగ్గరున్నది ఒకే ఒక్క దిమ్మ, నాలుగు మూరల పొడుగు, జానెడు వెడల్పు. అతను ప్లీడరుగారికి దాచకుండా చెప్పాడు.

"ఈ దిమ్మని ఉన్నదున్నట్టు వాడితే మీకు బీరువా కాళ్ళు నాలుగూ వస్తాయండి. రేకులు కోస్తే బీరువా అంతా వస్తుంది. ఎలా చెయ్యమంటారు?"

రేకులే కొయ్యమన్నారు ప్లీడరుగారు. ఇప్పటివాళ్ళు వెనీరు అంటున్నారు, కామాచారి మాత్రం రేకు అనేవాడు. తను పైన నిలబడి, బావమరిదిని కింద కూర్చోబెట్టి, పొడుగు రంపంతో తొమ్మిది రోజులు కోశాడు. ఒక్కో రేకూ రూపాయి బిళ్ళంత మందం. మొదటి రేకుకీ చివరి రేకుకీ వెంట్రుకంత తేడా ఉంటే ఒట్టు. లోపలి చట్రానికి రేవులో యంత్రాలు దిగిన పెట్టెల తాలూకు దేవదారు చెక్క తెచ్చాడు. చవగ్గా వస్తుందని కాదు. ఆ చెక్క తిన్నగా పెరుగుతుంది, ఎండకీ వానకీ మెలితిరగదు, జిగురుని వదలదు. నా ఎముకలకి అంతకంటే మంచిది లేదని అతనికి తెలుసు.

తోలు ఉడికించిన జిగురు వేడివేడిగా పూసి, రేకు పరిచి, పైన వేయించిన ఇసుక మూటలు పెట్టాడు. ఆ బరువు చాలదనిపించి వంటింట్లోంచి రుబ్బురోలు, సన్నికల్లు, తిరగలి ఒక్కొక్కటే మోసుకొచ్చి నా మీద ఎక్కించాడు. రెండు రోజులు ఆ ఇంట్లో పచ్చడి లేదు, పిండి లేదు. "మీ బీరువాకి సేవలు అయ్యాక నా రోలు నాకిప్పిస్తే వంట చేసుకుంటాను" అని అతని భార్య గుమ్మంలో నిలబడి సణిగింది. అతను చెయ్యి ఎత్తి ఆగమన్నాడే గాని ఆమె వంక తిరగలేదు.

దిమ్మలో పక్కపక్కనున్న రెండు రేకుల్ని నా రెండు తలుపులకీ పుస్తకం తెరిచినట్టు ఎదురెదురుగా వేశాడు. ఒక తలుపులో గీత ఎటు వంగితే రెండో తలుపులో దానికి ఎదురు వంగేది. నాకు గర్వం వచ్చిందంటే రాదూ మరి.

ప్లీడరుగారు పెద్దమనిషే. కాని పెద్దమనుషులకి ఒక జబ్బుంటుంది, ఉన్నదాన్ని ఉన్నంత చెబితే చిన్నబోతామనుకుంటారు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి, "ఒంటి మాను రోజ్‌వుడ్డు. లోపలా బయటా ఒకటే చెక్క" అనేవారు. ఒకసారి తాళం బిగుసుకుపోతే బాగుచెయ్యడానికి కామాచారి వచ్చాడు. అతనుండగానే నలుగురిలో ఆ మాట మళ్ళీ అన్నారు. కామాచారి తల వంచుకుని తాళానికి నూనె వేస్తూ ఉండిపోయాడు. పని ఇచ్చినవాడి మాటని నలుగురిలో కాదనకూడదని వాళ్ళలో ఒక మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచింది.

కామాచారికి ఒక్కడే కొడుకు, సూర్యబ్రహ్మం. వాణ్ణి ఉలి ముట్టుకోనివ్వలేదు. చదువుకోమన్నాడు. సూర్యబ్రహ్మం చదువుకుని టెలిఫోన్ లైన్‌మన్ అయ్యాడు. తండ్రి పోయిన పదోరోజున ప్లీడరుగారు పరామర్శకి వెళ్ళి, అందరి ముందూ అతని భుజం మీద చెయ్యి వేసి, "మీ నాన్న ఒంటి మాను రోజ్‌వుడ్‌తో నాకు బీరువా చేశాడోయ్. ఈ జిల్లాలో అలాంటి పనివాడు లేడు" అన్నారట. అక్కడ నేను లేను. తర్వాత సూర్యబ్రహ్మం నోటంట వందసార్లు విన్నాను. తండ్రి పనిముట్లు చుట్టాలు తలొకటీ పట్టుకుపోయారు. వాడికి మిగిలింది ఆ ఒక్క మాట. దాన్నే ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, స్తంభం ఎక్కి కూడా చెప్పుకున్నాడు.

ప్లీడరుగారు పోయాక ఆయన ఇంటివాళ్ళు నన్ను రేవు దగ్గర ఒక లాడ్జికి అమ్మేశారు. నా అరల్లో చట్టాల పుస్తకాలు పోయి మరకల దుప్పట్లు వచ్చాయి. ఒక తుపానుకి సముద్రం నీళ్ళు కింది గదుల్లోకి వచ్చి మూడురోజులు వెనక్కి పోలేదు. నా రేకులు అడుగు నుంచి ఉబ్బి లేచాయి. లేచినచోటల్లా లాడ్జివాళ్ళు మేకులు కొట్టారు. నా నెత్తిమీద సన్‌మైకా అంటించారు. మనుషులు తమ పుండుకైతే మందు రాస్తారు, మాకు మేకు కొడతారు.

ఒకరోజు లాడ్జి ఫోను పనిచెయ్యకపోతే లైన్‌మన్ వచ్చాడు. తీగ వెతుకుతూ నా వెనక దూరి, నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. నా అడుగున ఉలితో చెక్కిన "కొ.కా." అన్న అక్షరాలు వాడి మొహం మీదే ఉన్నాయి. చాలాసేపు లేవలేదు. గుమాస్తా షాకు కొట్టిందనుకుని కంగారుపడ్డాడు. ఆ రోజు నుంచి ఇరవై ఏళ్ళు, సూర్యబ్రహ్మం పండక్కీ పబ్బానికీ ఆ లాడ్జికి వెళ్ళి నన్ను ఇమ్మని అడుగుతూనే ఉన్నాడు. వాడు రిటైరయ్యాక, లాడ్జి పడగొడుతున్నప్పుడు ఇచ్చారు. రిక్షా బండిమీద వేసుకుని, నా మీంచి చెయ్యి తియ్యకుండా ఇంటిదాకా నడిచాడు. పసిపిల్లని తెస్తున్నట్టు తెచ్చాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

నెల తిరిగితే కామాచారి తద్దినం. ఆ రోజుకి నన్ను బాగుచేసి, ముందుగదిలో తండ్రి ఫొటో కింద పెట్టి, కులపెద్దలకి చూపించాలని వాడి కోరిక. నా ఉబ్బుల్ని, మేకుల్ని, పైనున్న సన్‌మైకాని చూసి భార్యతో అన్నాడు.

"అనంతం, ఈ పైపొరంతా లాడ్జివాళ్ళ పనే. మంచి చెక్కని పాడుచేసి మీద ఏదో అంటించేసేరు. ఇది లాగేస్తే కింద మా నాన్న రోజ్‌వుడ్ ఉంటది."

"ఎవరైనా వడ్రంగిని పిలవచ్చు కదండీ" అంది అనంతలక్ష్మి.

"నేను వడ్రంగి కొడుకుని. నాకెందుకూ వేరే వడ్రంగి?"

ఫోనులో ఎవరో చేసి చూపించింది నాలుగుసార్లు చూశాడు. పాత పంచె తడిపి నా తలుపు మీద పరిచి, పైన ఇస్త్రీ పెట్టె వేడిగా రుద్దాడు. ఆవిరి లోపలికి దిగేసరికి అరవై ఏళ్ళ జిగురు మెత్తబడింది. తోలు ఉడికిన వాసన ఇల్లంతా కమ్మింది, అనంతలక్ష్మి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు లప్పం పూసే బద్దని రేకు అంచుకింద దోపి నెమ్మదిగా తోశాడు. చెయ్యి మంచిదే, తండ్రి చెయ్యే. ఓపిగ్గా, గీత చెడకుండా, తండ్రి పరిచినవన్నీ ఒక్కొక్కటే ఒలిచేశాడు. ఆపరా అనడానికి నాకు నోరు లేదు. ఆ రెండురోజులు నేను పడ్డ బాధ తుపానులో కూడా పడలేదు.

కింద తెల్లటి దేవదారు బయటపడింది. కణుపులు, ఓడపెట్టె మీద నల్లరంగుతో కొట్టిన సగం చెరిగిన అక్షరాలు.

ఇది కూడా ఇంకో పొరేననుకున్నాడు. ఉలి తెచ్చాడు. గాటు పెట్టి చూశాడు, తెలుపే. ఇంకా లోతుగా కొట్టాడు, తెలుపే. రెండో తలుపు, పక్క చెక్క, అర అంచులు, ఎక్కడ పడితే అక్కడ తవ్వాడు. నాలో లేనిదాన్ని నా ఒంట్లో వెతికాడు. ఒకచోట ఉలి అవతలికి దిగింది. అప్పుడు ఆగి, కింద కూలబడ్డాడు.

"పెట్టె చెక్క" అన్నాడు. "ప్లీడరుగారంతటివారిని మా నాన్న మోసం చేసేడు అనంతం. ఇన్నాళ్ళూ ఆ మోసమే చెప్పుకు తిరిగేను."

"పోనిద్దురూ. పోయినవాళ్ళని ఏమంటాం."

వాడు ముందుగదిలోంచి ఫొటో తీయలేదు గాని, దాని ముందు నిలబడటం మానేశాడు. నన్ను పెరటి వసారాలోకి తోసేశారు. ఒలిచిన రేకుల్ని అనంతలక్ష్మి కట్టగట్టి నీళ్ళపొయ్యి దగ్గర పడేసింది. రోజూ స్నానానికి రెండేసి పెట్టేది. రోజ్‌వుడ్ బాగా మండుతుంది. తద్దినం నాడు వాడి తలస్నానానికి ఆఖరి నాలుగూ పెట్టింది.

ఆ రోజు తండ్రి స్థానంలో భోజనానికి కూర్చోడానికి అప్పలాచారిగారిని పిలిచారు. ఎనభై ఏళ్ళ వడ్రంగి, మోకాళ్ళు పట్టేసిన మనిషి. కాళ్ళు కడిగించుకోడానికి పెరట్లో పీట మీద కూర్చుంటూ నా వెనక కాలు పట్టుకున్నారు. అక్కడ జానెడు రేకు ఊడకుండా మిగిలి ఉంది, సగం లేచి. ఆయన వేలు దాని కిందికి పోయింది. కాళ్ళమీద నీళ్ళు పోస్తున్న సూర్యబ్రహ్మాన్ని ఆగమన్నారు.

"ఇది ఎవరు కోసిందయ్యా?"

"మా నాన్నేనండి. దొంగపని. పెట్టె చెక్కమీద అంటించేడు."

"మరి దేనిమీద అంటిస్తారు, రోజ్‌వుడ్ మీద రోజ్‌వుడ్డా?" ఆయన రేకు వెనక తడిమి చూపించారు. "ఈ రంపం గీతలు చూడు. మిషను మీద కోసింది కాదిది. ఇంత పల్చగా, ఇంత సమానంగా చేత్తో కొయ్యడం నేను యాభై ఏళ్ళు ప్రయత్నించేను బాబూ, నాకు రాలేదు. చెక్క దొరికితే బీరువా ఎవడైనా చేస్తాడు. మీ నాన్న పనంతా ఈ రేకులోనే ఉంది. మిగతావి ఏవీ, చూపించు."

సూర్యబ్రహ్మం చెంబు కింద పెట్టాడు. అనంతలక్ష్మి నీళ్ళపొయ్యి వైపు చూసింది. అప్పలాచారిగారు కూడా అటు చూసి, లేచి వసారాలోనే నా ఎదురుగా వేసిన విస్తరి ముందు కూర్చున్నారు.

ఆ రోజు ఆ విస్తరి దగ్గర కూర్చున్నది కామాచారే అని లెక్క. భోజనం అయ్యాక కొడుకు ఎదురుగా నిలబడి "తృప్తయిందా" అని అడగాలి, ఆయన "అయింది" అనాలి. అప్పుడే తిన్నది తండ్రికి చేరినట్టు. అడిగేదాకా భోక్త విస్తరి ముందునుంచి లేవకూడదు.

తినడం అయింది. పురోహితుడు "అడుగు నాయనా" అన్నాడు. సూర్యబ్రహ్మం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పురోహితుడు వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాడు. అప్పలాచారిగారు తల వంచుకుని, నొప్పి మోకాళ్ళతో అలాగే కూర్చున్నారు. వసారాలో ఎండ గోడ ఎక్కింది. ఆయన చెయ్యి విస్తట్లోనే ఎండిపోయింది. వాడు అడగలేదు.