యాంటెన్నా ఎత్తు

మావారు కొండమీద కుప్పకూలి ప్రాణం వదిలిన రోజున ఒక కొలత కూడా పోయింది. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత, ఆయన తోటి సర్వేయరు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు తెలిసింది. ఆయన్ను అన్నా అనీ నన్ను వదినా అనీ పిలిచే మనిషి. వంటింటి బల్ల దగ్గర కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అన్న ఆఖరుసారి తీసిన డేటా, వదినా. ఉపగ్రహాలతో కొలిచే పరికరం తన సొంత పద్ధతిలో రాసుకుంది. అన్ని కంపెనీల యంత్రాలూ చదివే పద్ధతిలోకి మార్చి ఆఫీసుకివ్వాలి. చిటికెలో పని. కానీ పైన ఒక గడి ఖాళీగా ఉంది."

తెర నిండా అంకెలు. ఏ ఉపగ్రహం ఎంత దూరాన ఉందో, వరుస కింద వరుస. అన్నిటికన్నా పైన, కొలిచినవారి పేరు దగ్గర ఆయన పేరు. దాని కింద యాంటెన్నా ఎత్తు, అంటే నేల నుంచి స్టాండు మీది యాంటెన్నా దాకా ఎంతో. అక్కడ ఏమీ లేదు.

"ఇందులో ఆయన పడిపోయింది ఎక్కడ?" అని అడిగాను.

"తెలీదు. మేం వెళ్లి ఆపేదాకా అది రాస్తూనే ఉంది."

పైకీ కిందికీ జరిపి చూశాను. వరుస ఎక్కడా తెగలేదు. తెగి ఉండాలని ఎందుకు అనుకున్నానో తెలియదు.

"ఉప్పు డబ్బా మీద కూడా తేదీ వేసే మనిషి. ఎత్తు రాయకపోవడమేమిటి?"

"అందుకే రాయలేదు వదినా. మొదట ఒకసారి, దింపేముందు ఒకసారి కొలిచేవాడు. రెండూ కలిస్తేనే ఎక్కించేవాడు, అందాకా మొదటిది మనసులోనే. స్టాండేమన్నా ఎదిగే పిల్లాడా అన్నా, అని నవ్వేవాళ్లం."

"మరి ఆ స్టాండు?"

అతను తల దించుకున్నాడు. "అన్నని కిందికి దించాక సామాను కోసం నేనే మళ్లీ ఎక్కాను. అలవాటుకొద్దీ దాని కాళ్లు మడిచేశాను. మడిచాక గుర్తొచ్చింది, ఎత్తు కొలవలేదని."

మంచినీళ్లు ఇచ్చాను.

"అన్న ఎప్పుడూ తన గడ్డానికి సమంగా పెట్టేవాడు," అన్నాడు తాగాక. "అదెంత ఉంటుందో మీరు చెప్పండి, వేసేస్తాను. ఎవరూ అడగరు. వెయ్యకపోతే ఇంకొకరిని పంపి మళ్లీ కొలిపిస్తారు. ఇక్కడ్నుంచి అన్న పేరు పోతుంది."

"అంకె తప్పయితే?"

"లెక్కలో కొండ కాస్త లేస్తుంది, లేదా దిగుతుంది. అంతే." గ్లాసు బల్లమీద పెట్టి నెమ్మదిగా అన్నాడు, "దాన్ని పట్టుకునే కింద వంతెన కడతారు."

ఖాళీ వదిలినా సరే, కాకిలెక్కలు రాయొద్దని ఏళ్లుగా బడిలో పిల్లలకు చెబుతున్నాను. అది వేరు, ఇది వేరు అనిపించింది. కాదేమో అని కూడా అనిపించింది. లేచి గోడ పక్కన నిలబడ్డాను. ఆయన గడ్డం నా నుదుటికి వచ్చేదా, పాపిటకు వచ్చేదా? ఇన్నేళ్లు పక్కనే నడిచాను. ఎంత ఆలోచించినా తేలలేదు.

"ఇవాళ వద్దు," అన్నాను.

"ఎన్నాళ్లని ఆపను వదినా?"

"నాకూ తెలియడం లేదు."

అతను ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్లాడు. ఫైలు ఇంకా మార్చలేదు. అంకె వెయ్యమని గానీ, మళ్లీ కొలిపించమని గానీ నేనింకా చెప్పలేదు.