బల్ల దగ్గర కూర్చోని మనిషి

చర్చిలో ఆదివారం పూజ ముగిసీ ముగియకముందే అఫ్రా ఊరి హోటలు వైపు పరుగందుకుంది. చంకలో నాటకం నాలుగో ప్రతి. ఈస్టర్‌కి ఊళ్లో ఆడాల్సిన నాటకం. అందులో సవతి తల్లి వేషం మోయగలిగింది ఆ బవేరియా లోయ మొత్తానికీ హోటలు యజమానురాలు క్రెసెంజ్ ఒక్కతే. ఆమేమో నమ్మకం కుదరని వేషం ససేమిరా కట్టదు. ఇవాళ కూడా కాదంటే పాత నాటకమేదో దుమ్ము దులిపి ఆడేస్తామని బృందం పెద్ద, మాంసం కొట్టు క్విరిన్ తేల్చి చెప్పేశాడు.

మొదటి ప్రతిలో సవతి తల్లి గరిటెతో పిల్లను బాదేది. ఇది మనిషి కాదు, దిష్టిబొమ్మ అంది క్రెసెంజ్. రెండోసారి అఫ్రా ఆ సవతి తల్లికి చచ్చిపోయిన బిడ్డనొకణ్ణి తగిలించింది. అరువు ఏడుపు అంది క్రెసెంజ్. మూడోదాంట్లో ఆమె ఉన్నట్టుండి దేవత అయిపోయింది. దానికి నవ్వడం కూడా దండగనుకుంది క్రెసెంజ్.

అఫ్రాది కుట్టుపని. గురువారం ఫాదర్ గారి అంగీకి అంచు కుడుతుంటే సూది చేతిలోనే ఆగిపోయింది. తనను పెంచిన సవతి తల్లి ఏనాడూ బల్ల దగ్గర కూర్చుని తినలేదు. అందరూ లేచాక పొయ్యి పక్కన నిలబడి, రొట్టె చివరి గట్టి ముక్కతో గిన్నెలు తుడుచుకుని తినేది. ఇన్నేళ్లూ అది కోపమనుకుంది అఫ్రా. అంగీ మూలపడింది, మూడు రోజులు కలం ఆగలేదు.

ఇప్పుడు హోటల్లో క్రెసెంజ్ ఆ నాలుగో ప్రతిని పైకి చదవసాగింది. రొట్టె ఘట్టం వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడింది. పక్క బల్ల దగ్గరున్న క్విరిన్ సాసేజ్ నమలడం మానేశాడు. బతికింది, తన మనిషి బతికింది అనుకుంది అఫ్రా!

"వేస్తానే," అంది క్రెసెంజ్ కాగితాలు సర్దుతూ. "కాకపోతే ఆఖర్న పిల్లతో 'నన్ను క్షమించు' అంటది చూడు, అది తీసెయ్. ఈవిడ అనదు."

ఆ ఒక్క మాట కోసం అఫ్రా ఇరవై ఏళ్లు ఎదురుచూసింది. వినకుండానే తన సవతి తల్లిని మట్టి చేసి వచ్చింది. నాటకంలోనైనా విందామని రాసుకుంది.

"ఒక్కసారి కూడా అనదంటావా, అక్కా?"

"అనదు. రొట్టెలో మెత్తది నీకు పెట్టింది కదే. ఇంకేం అంటది?"

అఫ్రా జేబులోంచి బట్టలకు గీతలు గీసే నీలం సుద్ద తీసి ఆ వాక్యం కొట్టేసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆనందం పట్టలేకపోయింది.

గోడ మీద అంటించే కాగితానికి పేర్లు రాసుకుంటున్న క్విరిన్ తలెత్తాడు. నాలుగుసార్లు రాసినా ఈవిడకి పేరే పెట్టలేదేమని అడిగాడు.

"ఒటీలియా," అంది అఫ్రా. "మా అమ్మ పేరు."