సాక్షి వేలిముద్ర

చాపరాయి వాగు పక్కన బొంగులో చికెన్ అమ్ముకునే కనకకి ఆ ఏడు ఎండలు ముదరకముందే పొయ్యి చల్లారింది. మార్చి నెలాఖరులో ఘాటు రోడ్డుకి అడ్డంగా పోలీసులు డ్రమ్ములు పెట్టారు. విశాఖపట్నం కార్లు రావడం మానేశాయి. రైలు ఆగిపోయింది. కోసి తెచ్చిన పచ్చి వెదురు బొంగులు పాక వెనకే ఎండిపోయి చివరికి ఇంట్లో వంటచెరకు అయ్యాయి.

"పట్నపోళ్ళకి జబ్బొస్తే మన పొయ్యి ఆరిపోడవేటే?" అని కనక మొగుడు బుధు రోజుకోసారి అడిగేవాడు. ఎవరు చెబుతారు? రోగం ఒకరిది, పస్తు ఇంకొకరిది. లోకం తీరే అంత.

కనక పాకని ఆనుకునే సోని పాక. మొక్కజొన్న పొత్తులు కాల్చేది, కాఫీ పొడి పొట్లాలు కట్టి అమ్మేది. సోనిది పక్క ఊరు. ఇద్దరూ చిన్న గుంటలుగా ఉన్నప్పుడే నేస్తం కట్టుకున్నారు. నేస్తం అంటే బడిలో పక్కన కూర్చుంటే కుదిరే స్నేహం కాదు. పెద్దల ముందు, ఊరి దేవత ముందు పూలు మార్చుకుని, ఒకే ఆకులో అన్నం తిని కట్టుకునేది. ఒక కడుపున పుట్టినవాళ్ళు గట్ల దగ్గర తలలు పగలగొట్టుకోవడం ఆ కొండల్లో అందరూ చూశారు గానీ, నేస్తాలు కొట్టుకోవడం ఎవరూ చూడలేదు. సోని మొగుడు చనిపోయినప్పుడు కర్మలయ్యేదాకా కనక తన ఇంటి గుమ్మం తొక్కకుండా ఆమె దగ్గరే ఉంది. కనకకి కాన్పు కష్టమైతే డోలీ కట్టించి, ఒక కొమ్ము తన భుజాన వేసుకుని కొండ దిగింది సోని.

వానలు వెనక్కి తగ్గాక, చిన్న దుకాణాలవాళ్ళకి సర్కారు సాయం వస్తోందని వలంటీరు సత్యకుమారి ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంది. కనకకి బ్యాంకులో పడింది. సోనికి పడలేదు. ఆమె ఖాతాకి ఆధార్ అతకలేదట. బ్యాంకుకి వెళితే, గుంపు చేరకూడదని గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. మళ్ళీ వెళితే మళ్ళీ అదే మాట.

"నాకొచ్చింది కదేటి. దాంతోనే ఇద్దరం పాకలు తెరుద్దాం," అంది కనక.

"నీ పిల్లల నోటికాడ కూడు నాకెందుకు నేస్తం? నాది నాకు రావాల," అంది సోని. పౌరుషం గల మనిషి. పౌరుషం ఉన్నచోట మోసం సులువుగా చేరుతుందని ఆ రోజు ఆమెకి తెలియదు.

మోసాలు జరుగుతున్నాయని చెప్పనివాళ్ళు లేరు. పంచాయతీ ఆటో మైకు పెట్టుకుని ఊరూరా తిరిగింది. సాయం పేరుతో ఎవరైనా ఫోన్ చేసి నంబరు అడిగితే చెప్పొద్దని, బ్యాంకువాళ్ళమని అంటే నమ్మొద్దని అరిచి అరిచి పోయింది. ఊరంతా నవ్వుకుంది. అక్కడ సిగ్నల్ అందాలంటే గుట్ట మీది బండరాయి ఎక్కాలి. "దొంగోడు ఫోన్ సెయ్యాలంటే ముందు మనం కొండెక్కాలి కదరా, ఆడికంత ఓపికేటి!" అన్నాడు బుధు. నిజమే. ఫోన్ దొంగకి ఆ ఊరు దొరకదు. కాళ్ళున్న దొంగ సంగతి మాత్రం మైకు చెప్పలేదు.

ఆ దొంగ డుంబ్రిగుడ సంతలో దొరికాడు. కనక ఆ రోజు రాజ్మా గింజలు పోసుకుని కూర్చుంది. సోని ఒక మనిషిని వెంటబెట్టుకుని గబగబా వచ్చింది. మెడలో కార్డు, కళ్ళ కిందిదాకా మాస్కు, చేతిలో రేషన్ డీలరు దగ్గరుండేలాంటి మిషను. ఒరియా కలిసిన తమ యాసలోనే మాట్లాడుతున్నాడు. పరాయివాడన్న అనుమానం మాటతోనే సగం పోయింది.

"సాయం అందనోళ్ళ కోసం నన్ను పంపినారమ్మా. అందినోళ్ళు ఒకలు సాక్షిగా వేలెయ్యాల. అప్పుడు ఈ అమ్మకీ పడిపోతాది," అన్నాడు.

సోని కళ్ళు మెరుస్తున్నాయి. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో కాస్త వెలుగు చూసింది కనక. అయినా మైకు మాటలు చెవిలో ఎక్కడో మిగిలే ఉన్నాయి.

"సత్తెకుమారిని ఒక్క మాట అడుగుదామా నేస్తం?"

సోని మొహం వాడిపోయింది. "నాను తీసుకొచ్చిన మనిసి కదా. నామీద నమ్మకం లేదేటి?"

కనకకి సిగ్గేసింది. నేస్తం కోసం ప్రాణమిస్తామని చెప్పుకునేవాళ్ళం, వేలు ఇవ్వడానికి వెనకాడుతున్నానేమిటి అనుకుంది. సంచిలోంచి ఆధార్ కార్డు తీసిచ్చి, చెయ్యి చాచింది.

"తగల్లేదమ్మా. మళ్ళీ వెయ్యి," అన్నాడు వాడు.

వేసింది. మళ్ళీ తగలలేదన్నాడు. కనక బొటనవేలు చీర కొంగుకి తుడిచి, నూనె తడి కోసం జుట్టుకి రాసుకుని మళ్ళీ వేసింది. వెదురు చీల్చే చేతులు, నిప్పుల్లో బొంగులు తిప్పే చేతులు. వేలి మీద గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. ప్రతి నెలా రేషన్ మిషను కూడా ఇలాగే మొరాయిస్తుంది, డీలరు కూడా ఇలాగే విసుక్కుంటాడు. అందుకే అన్నిసార్లు వేయించుకుంటున్నా ఇద్దరిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. పైగా "మా చేతులే అంత బాబూ, ఏటనుకోకు," అని కనకే వాడికి సర్దిచెప్పింది. తర్వాత సోనీ వేసింది. వారంలో పడిపోతుందని చెప్పాడు. సోని టీ ఇప్పించింది. మాస్కు తియ్యకుండా గ్లాసు పట్టుకుని నిలబడి, ఎవరో పిలిచినట్టు పక్కకి వెళ్ళిపోయాడు. రోగమంటే ఎంత భయమో పాపం అని జాలిపడ్డారు ఇద్దరూ.

వారం దాటినా సోనికి సొమ్ము పడలేదు; సర్కారు పని కదా, ఆలస్యమవుతుందిలే అనుకున్నారు. మంచు పడే రోజులొచ్చాయి. డ్రమ్ములు తీసేశారు. కార్లు ఒక్కొక్కటే కొండెక్కడం మొదలుపెట్టాయి. పాకకి టార్పాలిన్, మొదటి రోజుకి కోళ్ళు కొనాలని కనక బ్యాంకుకి వెళ్ళింది. కౌంటరు వెనకున్న కుర్రాడు పాసుపుస్తకం చూసి తలెత్తాడు.

"ఖాతాలో ఏమీ లేదమ్మా. సంత రోజున మిషను మీద నువ్వే వేలేసి తీసుకున్నావు. ఒకసారి కాదు, విడతలు విడతలుగా."

తగల్లేదన్న ప్రతిసారీ తగిలిందన్నమాట. కనక గేటు బయట మెట్టు మీద కూలబడిపోయింది. ఏడుపు రాలేదు. బొటనవేలి వైపు చూసుకుంటూ కూర్చుంది, అది తనది కానట్టు.

సోని ఖాతాలోంచి మాత్రం ఏమీ పోలేదు. ఆధార్ అతకని ఖాతాలోకి సర్కారు సాయమూ రాలేదు, దొంగ చెయ్యీ దూరలేదు. విన్న క్షణాన సోని నుదురు గోడకేసి కొట్టుకుంది. "నా నోరు పడిపోను నేస్తం! నా నోటితోనే నీ కొంప ముంచినాను!" అంటూ గుండెలు బాదుకుంది.

"ఊరుకో. సొమ్ము పోతే పోనీ. నువ్వున్నావు కదా," అంది కనక. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అంది.

సత్యకుమారి ఇద్దరినీ వెంటబెట్టుకుని పోలీసుస్టేషనుకి తీసుకెళ్ళింది. ఎక్కువమంది వద్దంటే సోని గుమ్మం బయట నిలబడింది. హెడ్డు కానిస్టేబులు కాగితం తీసి కనకని అడగడం మొదలుపెట్టాడు.

"మొహం ఎలా ఉంటుంది వాడిది?"

"మాస్కెట్టుకున్నాడు బాబూ."

"దేశమంతా మాస్కే పెట్టుకుంది. సరే, వాణ్ణి నీ దగ్గరికి తెచ్చిందెవరు?"

"నా నేస్తం బాబూ."

"పేరు?"

కనక నోరు విప్పలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. తల దించుకుంది. "పేరు లేని నేస్తం ఉంటుందా?" అని ఆయన విసుక్కుంటే సత్యకుమారి కల్పించుకుంది. నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు పలకరని, నేస్తం అనే పిలుచుకోవాలని, పేరు పెట్టి పిలిస్తే ఆ క్షణాన బంధం తెగిపోయినట్టేనని, తెగినదాన్ని మళ్ళీ కట్టే ఆచారం లేదని చెప్పింది. హెడ్డు చెడ్డవాడేమీ కాదు. కలం పట్టుకుని ఆగాడు, అంతే. కానీ కాగితం మీద ఆ జాగా ఖాళీగా వదలలేడు కదా.

"సోని. రాసుకోండి బాబూ," అని గుమ్మంలోంచి వినపడింది. "తెచ్చింది నానే."

దొంగ పేరు దొరకని చోట దొరికిన పేరునే పదిసార్లు పిలుస్తారు. సోనిని రమ్మన్నారు, మళ్ళీ రమ్మన్నారు. వాడు ఎక్కడ కలిశాడు, ముందే తెలుసా, నీకేమిచ్చాడు? వెళ్ళిన ప్రతిసారీ కూలి పోయేది. అంతకన్నా ముందు పరువు పోయేది. సంతలో నోళ్ళు లేచాయి. బుధు కూడా ఒకనాడు అంబలి తాగుతూ నెమ్మదిగా అన్నాడు: "ఇద్దరూ వేలేసినారు. నీది పోనాది, ఆయమ్మది పోనేదు. నానేటీ అనట్నేదు."

ఏమీ అనడం లేదంటూనే అనేశాడు. "నోరు ముయ్యి," అని కనక కసిరింది. కసిరింది గానీ, ఆ మాట చెవిలో పడ్డ చీమలా తిరుగుతూనే ఉంది. వెలగని పొయ్యి ముందు కూర్చున్నప్పుడల్లా తిరిగేది. ఖాళీ కడుపుకి న్యాయం తెలియదు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం సోని స్టేషన్ నుంచి తిన్నగా కనక ఇంటికి వచ్చింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని మొహమే చెబుతోంది. కనక సామల అన్నం దించి, చూరులోంచి అడ్డాకులు తీసింది. ఎప్పుడూ ఒకటి పరిచే చెయ్యి ఆ రోజు రెండు పరిచింది. కావాలని కాదు. చెయ్యి ఆ పని చేసేశాక గానీ మనసుకి తెలియలేదు.

సోని ఆ రెండు ఆకుల వైపు చూసింది.

"దూరం దూరంగా తినమంటన్నారు కదా నేస్తం... కరోనా," అంది కనక.

"అవును. మంచిదే," అంది సోని.

కరోనా వచ్చిన నాటినుంచి ఎన్నిసార్లు ఒకే ఆకులో తిన్నారో ఆ ఇద్దరికీ తెలుసు. సోని మెతుకు మిగల్చకుండా తింది. ఆకు మడిచి తనే పారేసి, చెయ్యి కడుక్కుని, పిల్లల తల నిమిరి వెళ్ళిపోయింది. వెనక్కి పిలవాలనుకుంది కనక. పిలిచి ఏమని చెప్పాలి? రెండో ఆకుని తీసేసినంత తేలిగ్గా ఆ పనిని తీసేయగలదా?

ఆ తర్వాత సోని రాలేదు. పాక తలుపు తెరవలేదు. కబురు పంపితే ఒంట్లో బాగోలేదంది. కనక రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ గడిపేసింది. తప్పు చేసినవాళ్ళకి దారి ఎప్పుడూ దూరంగానే కనిపిస్తుంది.

ఒక పొద్దున సత్యకుమారి గబగబా కనక గుమ్మంలోకి వచ్చింది. "మీ నేస్తం కొండ కిందికి, రొయ్యల చెరువుల పనికి పోతంది, నీకు సెప్పలేదా? ఏడాది అడ్వాన్సు తీసుకుందంట. 'నా నేస్తం ఖాతాలో ఏసేయి' అని ఆ సొమ్ము నా సేతిలో ఎట్టేసింది. జీపు డుంబ్రిగుడ జంక్షన్లో ఉంది, బేగి ఎల్లు."

కనక పొయ్యి మీది కుండ, చేతిలోని కత్తి, అన్నీ వదిలేసి పరిగెత్తింది. పరిగెడుతూ ఏడ్చింది. సోని మీద తనకి ఏనాడూ అనుమానం లేదు. లేదని ఇప్పుడు ఎముకల్లోంచి తెలుస్తోంది. ఉన్నదల్లా ఆకలి, అవమానం, సంతలో నోళ్ళ భయం. వాటన్నిటినీ కలిపి ఒక ఆకులా ముందు పరిచేసింది తను.

జంక్షన్లో జీపు కదలడానికి సిద్ధంగా ఉంది. లోపల కిక్కిరిసి జనం, పైన మూటలు. వెనక సీటులో అటు తిరిగి కూర్చున్న వీపుని దూరం నుంచే గుర్తుపట్టింది.

"నేస్తం! నేస్తం, ఆగు!"

జీపులోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తొంగి చూశారు. ఆ కొండల్లో అందరికీ ఒక నేస్తం ఉంటుంది. సోని మాత్రం తిరగలేదు. విన్నదో, విననట్టు ఉందో తెలియదు. జీపు కదిలింది. కనక వెనకే పరిగెడుతూ గొంతు చించుకుని మళ్ళీ పిలిచింది. ఇంజన్ మోతలో ఆ మాట కలిసిపోయింది. జీపు వేగం అందుకుంటోంది. ఇక ఒక్కటే మాట మిగిలింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నాలుక మీదికి రానివ్వని మాట. ఆలోచించి ఉంటే అనేది కాదు. ఆలోచించే వ్యవధి లేదు.

"సోనీ! దిగిపోయే, సోనీ!"

జీపులో మాటలు ఆగిపోయాయి, డ్రైవరు కూడా వేగం తగ్గించాడు. సోని తిరిగింది.

మాస్కు గడ్డం కిందికి లాగింది. ఆ మొహంలో కోపం లేదు. కోపముంటే బాగుండేది. ఎప్పుడో వస్తుందని తెలిసిన కబురు ఈరోజు చేతికందినట్టు, నెమ్మదిగా తల ఊపింది. కనక పరుగు ఆపేసింది. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

"ఇంటికెల్లిపో, కనకా," అంది సోని. "పొయ్యి మీద ఏటెట్టొచ్చినావో, మాడిపోతాది."