నీళ్ళ కింది ఇంటికి దారి

నేను ఒక దారి చెప్పే పెట్టెను. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, ముందు ఒక గాజు ముఖం, వెనక చిన్న స్పీకరు, కారు అద్దానికి అతుక్కోవడానికి ఒక రబ్బరు చిప్ప. ఇంతే నా ఆస్తి. దారులన్నీ నా కడుపులో ఉన్నాయని జనం అనుకుంటారు. నా కడుపులో ఉన్నది ఒక పటం మాత్రమే. నేనెక్కడున్నానో నా అంతట నాకు తెలియదు. అది ఆకాశం చెప్పాలి.

నన్ను తయారుచేసిన చోట, తెల్లని చేతితొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను మొదటిసారి కిటికీ దగ్గర పెట్టి మీట నొక్కింది. అప్పుడు విన్నాను. వేల కిలోమీటర్ల పైనుంచి, దోమ రెక్క చప్పుడు కన్నా సన్నగా, ఉపగ్రహాల పిలుపులు. "నువ్వు ఫలానా చోట ఉన్నావు" అని అవి చెప్పవు. తానెక్కడుందో, తన గడియారంలో వేళ ఎంతయిందో, ఒక్కొక్కటీ అంతవరకే చెబుతుంది. అలాంటి నాలుగు గొంతులు విని, ఆ వేళల మధ్య తేడా చూసుకొని, నా చోటు నేనే తెలుసుకోవాలి. వేళ తెలిస్తే చోటు తెలుస్తుంది! ఆ రోజు నేను నివ్వెరపోయాను. అంత వింత మళ్ళీ ఒకే ఒక్కసారి చూశాను. దాని గురించి చెబుదామనే ఇంత ఉపోద్ఘాతం.

కరీంనగర్‌లో ఒక కారు సామాన్ల దుకాణంలో, సీటు కవర్లకూ ప్లాస్టిక్ నిమ్మకాయల దండలకూ మధ్య కొన్నాళ్ళు కూర్చున్నాను. అక్కడికి ఒక రోజు ఓదెలు, అతని భార్య సుజన వచ్చారు. ఓదెలు కరెంటు ఆఫీసులో ఇంజనీరు. అంతకుముందే కారు కొన్నాడు. దానికి దారి చెప్పేది ఏది పెట్టించాలన్నదే వాళ్ళ తగువు. డాష్‌బోర్డు విప్పి లోపల బిగించేదా, నాలాగా పైన తగిలించేదా?

"లోపల బిగిచ్చేదే తీస్కుందాం," అంది సుజన. "కారుకు కన్ను లెక్క ఉంటది. గిదేంది, అద్దానికి బల్లి అతుకున్నట్టు!"

"బల్లి అయితేంది? ఎటు తీస్కపోతే అటొస్తది. గది కారుకు కట్టేసిన బర్రె. కారు ఆగితే అదీ ఆగుడే."

"కారు పోని కాడికి నువ్వేం పోతవయ్యా? కిరాణా దుకాణానికి సుత కారు తీస్తివి నిన్న."

దుకాణదారు నవ్వు దాచుకోవడానికి బల్ల కిందికి వంగాడు. గెలుపు సుజనదే అనిపించింది. కానీ డాష్‌బోర్డు విప్పాలంటే కారు రెండు రోజులు అక్కడే ఉంచాలన్నాడు దుకాణదారు. ఎల్లుండి దీపావళి. దీపావళికి ఓదెలు వాళ్ళమ్మ లస్మవ్వను ఊరికి తీసుకెళ్ళి తీరాలి. అలా, మనిషి ఎంచుకోకపోయినా పండుగ నన్ను ఎంచుకుంది. మనుషులు తమ నిర్ణయాలను ఎంతో తూచి తీసుకున్నామనుకుంటారు. చాలాసార్లు తక్కెడ పట్టుకున్న చెయ్యి ఇంకెవరిదో.

వాళ్ళ ఊరు పొదిళ్ళపల్లి. వాళ్ళ కులంలో ఒక ఆచారముంది. దీపావళి సాయంత్రం ఊరి బయట బొందలగడ్డకు పోతారు. చనిపోయినవాళ్ళ సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, వాళ్ళకిష్టమైన తిండి ముందు పెట్టి దీపాలు వెలిగిస్తారు. ఏడుపు ఉండదు. పిల్లలు టపాకాయలు కాలుస్తారు. పోయినవాళ్ళతో కలిసి చేసుకునే పండుగ అది.

లస్మవ్వ పెద్ద సమాధుల వైపు పోలేదు. ఒక మూల, కానుగ మొక్క పక్కన, రాయి కూడా లేని చిన్న మట్టి దిబ్బ దగ్గర కూర్చుంది. అది సారక్క. లస్మవ్వ తొలిచూలు. మాటలు వస్తున్న వయసులో జ్వరమొచ్చి పోయింది. ఓదెలు అప్పటికి పుట్టలేదు. లస్మవ్వ ఆకులో బెల్లం పేలాలు పోసి, ప్రమిద వెలిగించి, చేత్తో గాలి అడ్డుపెట్టి కూర్చుంది.

ఓదెలు కొత్త వస్తువు చూపించే ఉత్సాహంతో నన్ను అద్దం మీంచి ఊడదీసి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "అవ్వా, గిది చూడు. మనం యాడున్నమో చెప్తది."

పైన ఆకాశం తెరిచి ఉంది. నాలుగు గొంతులూ టక్కున దొరికాయి. ఇల్లేదో ఇంకా గుర్తు పెట్టని కొత్తవాళ్ళను నేను మొదట అడిగే ప్రశ్న అడిగాను: "ఈ చోటే మీ ఇల్లా?" కింద రెండు గడులు. లస్మవ్వకు చదువు రాదు. వెలుగుతున్న ఆకుపచ్చ గడి మీద నూనె వేలు ఆనించింది. అది "అవును".

నేను గుర్తు పెట్టుకున్నాను. నా పని అదే కదా.

ఆ తప్పు వారం తర్వాత బయటపడింది. వేములవాడలో పెళ్ళి చూసుకొని వస్తూ సుజన నా మీద "ఇంటికి" అని నొక్కింది. నేను నా ధర్మం ప్రకారం దారి చెప్పాను. మాటల్లో పడి ఎవరూ చూసుకోలేదు. తీరా చూస్తే కారు పొదిళ్ళపల్లి మలుపులో ఉంది.

"ఇదేం మిషినయ్యా!" అని నెత్తి కొట్టుకుంది సుజన. "ఇంటికి తీస్కపొమ్మంటే బొందలగడ్డకు తీస్కపోతాంది! దుకాణంల ముందే చెప్పిన, బల్లి శకునం మంచిగ లేదని."

ఓదెలు పడీపడీ నవ్వాడు. "ఎప్పటికైనా అందరి ఇల్లు అదే కదనే. జర ముందుగాల చెప్పింది." ఆ గుర్తు తీసేయబోయాడు. వెనక సీటులోంచి లస్మవ్వ చెయ్యి వచ్చి అతని చేతిని పట్టుకుంది.

"ఉండనియ్ కొడుకా. దాని ఇల్లు గదే కద. ఇంకేముంది దానికి?"

ఓదెలు వేలు వెనక్కి తీసుకున్నాడు. తమ అద్దె ఇంటికి వేరే గుర్తు పెట్టుకున్నాడు. సారక్క ఇల్లు నాలో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఏటా దీపావళికి, దారి కంఠతా వచ్చినా, లస్మవ్వ కోసం నా మీద "ఇంటికి" నొక్కేవాడు. నేను చెప్పే ప్రతి మలుపుకూ ఆమె, చుట్టాల ఇంటికి పోతున్నట్టు, "ఆఁ... ఆఁ..." అనేది.

తర్వాత వాగు మీద ప్రాజెక్టు కట్టారు. పొదిళ్ళపల్లి మునిగే ఊళ్ళలో ఉంది. జనానికి వేరే చోట ఇళ్ళ జాగాలిచ్చారు. రాయి కట్టిన సమాధుల్లోని ఎముకలను కొందరు తీసుకెళ్ళి కొత్త ఊళ్ళో పెట్టుకున్నారు. సారక్క దిబ్బలో తీయడానికి ఏమీ మిగల్లేదు. చిన్న ఎముకలు, పాత మట్టి. నీళ్ళు వచ్చాయి.

ఆ రోజుల్లోనే ఓదెలు కొత్త కారు కొన్నాడు. ఈసారి సుజన మాటే చెల్లింది. ఇంజను మీట నొక్కగానే డాష్‌బోర్డు మధ్యలోంచి పలకంత తెర వెలుగుతుంది. గొంతు మెత్తన, మర్యాద ఎక్కువ. నేను అల్మారాలో, పాత చార్జర్ల పక్కకు చేరాను. అలగలేదు. మూసిన అల్మారాలో ఉపగ్రహాలు వినబడవు. నాకున్న బాధ అదొక్కటే.

రెండు దీపావళులకు లస్మవ్వ కట్ట మీదికి పోయి దీపం పెట్టిందట. ఒడ్డు నుంచి చూస్తే అటు నీళ్ళు, ఇటు నీళ్ళు. "ఎటు మొకాన పెట్టాలె?" అని అడిగిందట. ఓదెలు అటేదో చెయ్యి చూపించాడట. ఇంటికొచ్చి ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. మూడో ఏడు పండుగ దగ్గరపడుతుండగా అల్మారా ముందుకొచ్చి నిలబడింది. ఆమె గొంతు చెక్క గుండా నాకు వినిపించింది.

"నా మిషిని ఏది కొడుకా?"

"ఏం మిషిని అవ్వా? కారుల ఉంది కద, పెద్దది."

"గది కాదు. నా బిడ్డ కాడ నా ఒళ్లె పెట్టినవే, గది. దానికి ఎరుక. రెండేండ్లు తప్పిపాయె. ఎక్కన్నో పెట్టిన దీపం బిడ్డకెట్ల ముడుతది? పోరి చీకట్ల ఉన్నది."

ఓదెలు తలుపు తీశాడు. నన్ను బయటికి తీసి దుమ్ము దులిపాడు. అతని ఫోనులో లోకమంతా ఉంది. కానీ ఆ దిబ్బ ఎక్కడుందో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

నా బ్యాటరీకి వయసు మళ్ళింది. తీగ తీస్తే ఎంతసేపు నిలుస్తానో నాకే తెలియదు. అందుకే దారిపొడుగునా కారు తీగతో బలం ఎక్కించారు కానీ వెలిగించలేదు. ఉన్న ఓపికంతా నీళ్ళ మీద కావాలి. పక్కన పెద్ద తెరలో పొదిళ్ళపల్లి చోట నున్నటి నీలం. దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దుతుంటారు, దానికి అన్నీ తెలుసు. ఒడ్డు రాగానే, "ముందు దారి లేదు" అని మర్యాదగా చెప్పి ఆగిపోయింది. అబద్ధం కాదు. ఓదెలు నన్ను తీగ నుంచి విడదీసి చేతిలోకి తీసుకొని కారు దిగాడు. సుజన ఒకసారి ఆ తెర వైపు, ఒకసారి నా వైపు చూసి తలుపు వేసింది.

ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ గుడారాలున్నాయి. సముద్రం ఒడ్డు నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్ళు. అందులో పోలారావు అనే నడివయసు మనిషి తన మోటారు పడవలో తీసుకెళ్తానన్నాడు. అతనికి నీళ్ళే తెలుసు. నీళ్ళ కింద ఏముండేదో తెలియదు.

"ఎక్కడికెల్లాల బాబూ?"

"గిది చెప్తది," అని ఓదెలు నన్ను చూపించాడు.

"ఇదేటి, రేడియోనా?"

పొద్దు వాలుతోంది. పడవ లోపలికి పోయాక నన్ను వెలిగించారు. నా తలలో ఏళ్ళనాటి ఆకాశముంది. ఏ ఉపగ్రహం ఎటు పోయిందో మొదటి నుంచీ వెతుక్కోవాలి. ఒకటి దొరికింది. చాలాసేపటికి రెండోది. మూడోది. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. తెర మీద ఎండ పడకుండా సుజన నా మీద కొంగు పట్టి ఒంగి చూస్తోంది.

"తల తియ్యే, దానికి ఆకాశం కనబడాలె!" అని కసిరాడు ఓదెలు.

"నాకు తెర కనబడొద్దా మరి?"

"ఇటు తే," అంది లస్మవ్వ. నన్ను ఒళ్ళో పెట్టుకుంది, అప్పటిలాగే. పైన ఏ అడ్డూ లేదు. నాలుగో గొంతు వచ్చింది.

ఓదెలు "ఇంటికి" నొక్కాడు.

నాకు నీళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. నన్ను ఎన్నడూ సరిదిద్దలేదు. నా పటంలో పొదిళ్ళపల్లి ఉన్నది ఉన్నట్టే ఉంది. బడి, మూడు వీధులు, చెరుకు తోటల బాట, బొందలగడ్డ. నా తెర మీది చిన్న కారు బొమ్మ ఆ ఊరి పెద్దవీధిలో కదులుతోంది. చుట్టూ నీళ్ళు అల్లాడుతుండగా నేను నోరు తెరిచాను: "కుడివైపు తిరగండి."

పోలారావు పగలబడి నవ్వాడు. "కుడేటి బాబూ ఇక్కడ? చేపలకి రోడ్డేశారేటి?"

లస్మవ్వ నవ్వలేదు. నేను చెప్పిన వైపు నీళ్ళలోకి చూస్తోంది. "ఆఁ... రాజమల్లు దుకాణం మూల. గీడ తిరిగితే బడి. గా పక్కకు పెంట కుప్ప ఉండేది, జారిపడ్తరు, మెల్లగ..."

పోలారావు నవ్వు ఆగిపోయింది. ఆమె ముఖం చూశాడు, నీళ్ళు చూశాడు. మోటారు కట్టేశాడు.

"ఎందుకాపినవ్?" అన్నాడు ఓదెలు.

"ఇల్ల మీద ఇంజనేటి బాబూ. తెడ్డేత్తాను." కాళ్ళ చెప్పులు విప్పి పడవ అడుగున పెట్టాడు.

ఆ తర్వాత తెడ్డు చప్పుడు, నా గొంతు, లస్మవ్వ "ఆఁ". అంతే. ఏ గోడలూ లేని ఊళ్ళో, ఏ మలుపూ తప్పకుండా, నలుగురు మనుషులు వీధులు పట్టుకొని పోతున్నారు. నన్ను చేసినవాళ్ళు ఎవరూ ఇది ఊహించి ఉండరు. పైన వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తమ వేళ చెప్పుకుంటూ పోతున్నాయి. ఇక్కడ ఒక తల్లి బిడ్డ ఇంటికి నడుస్తోంది. ఆ రెంటికీ నడుమ నేనున్నాను. నా ఒళ్ళు వణికింది. బ్యాటరీ వల్ల అనుకోండి, మీ ఇష్టం.

"మీరు ఇంటికి చేరుకున్నారు," అన్నాను.

నా తెర ఆరిపోయింది.

లస్మవ్వ నన్ను సుజనకిచ్చింది. మోదుగాకు దొప్పలో బెల్లం పేలాలు, బంతిపూలు, మధ్యన ప్రమిద. ఓదెలు గాలికి చెయ్యి అడ్డుపెడితే ఆమె వెలిగించింది. నీళ్ళ మీద వదిలింది. దొప్ప దూరంగా కొట్టుకుపోలేదు. పడవ నీడలో నిలకడగా ఉన్న నీళ్ళలో, అక్కడక్కడే మెల్లగా తిరిగింది.

"చీకటి లేదు బిడ్డా," అంది. "జర ఆలిశమైంది, గంతే."

సుజన ఏడుస్తూ నా గాజును కొంగుతో తుడిచింది. తుడిచి, "బల్లి కాదే నువ్వు," అని గొణిగింది.

అప్పుడు పోలారావు పడవ అడుగు నుంచి ఒక తెల్లటి ఖాళీ నూనె డబ్బా తీశాడు. మూత బిగించి, తాడు కట్టి, తాడు చివర రాయి కట్టి నీళ్ళలో వేశాడు. వలలు వేసిన చోట వాళ్ళు గుర్తుకు వేసుకునే తేలుడు అది. "మళ్ళీ యేడు ఎతుక్కోనక్కర్నేదమ్మా. మావోల్లకి చెప్తాను, ఇక్కడ వల ఎయ్యరు."

నేను చేయగలిగినదంతా ఇక ఒక ఖాళీ డబ్బా చేస్తుంది. ఏళ్ళ తరబడి, చార్జరు లేకుండా. నాకు చిన్నతనం అనిపించలేదు. ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి, అంతే కదా.

నేను మళ్ళీ వెలగలేదు. బాగుచేసేవాడు చూసి బ్యాటరీ ఉబ్బిందని తీసేశాడు. అయినా మరుసటి దీపావళికి లస్మవ్వ నన్ను గుడ్డలో చుట్టి వెంట తెచ్చింది. "దారి ఎరుకైంది ఇంట్లె ఎట్ల కూసుంటది?" అంది.

ఉత్త గాజుముఖంతో ఆమె ఒళ్ళో ఉన్నాను. ఉపగ్రహాలు పైన వేళ చెబుతూనే ఉంటాయి. నాకు వినబడవు. పొద్దు కట్ట మీద ఆనింది. లస్మవ్వ కళ్ళు చిట్లించి అటు చూసింది.

"యాళ్లయింది," అంది. ఈసారి వేళ ఆమె చెప్పింది.

పోలారావు తెడ్డు ఆపాడు. పడవ పక్కనే, నీళ్ళ మీద, తెల్ల డబ్బా ఊగుతోంది.