షాంపూ సీసాల్లో మందు

విమానాశ్రయంలో తనిఖీ వరుస ముందుకు కదిలేకొద్దీ అక్క చేతిసంచిని ఇంకా దగ్గరికి లాక్కుంటోంది. అమ్మ భుజం మీద తమ్ముడు నిద్రపోతున్నాడు. వాడికి మూర్ఛ. పూట తప్పకుండా సిరప్ పడాలి. అది ఏ కొట్లో పడితే ఆ కొట్లో దొరకదు. ఒకసారి పూట తప్పినప్పుడు వాడు నేలమీద కొట్టుకోవడం అక్క కళ్ళారా చూసింది.

ఆ సిరప్ ఇప్పుడు షాంపూ సీసాల్లో ఉంది. అంతా పిన్ని తెలివి.

"వంద మిల్లీలీటర్లు దాటిన సీసా ఏదైనా లాగేసుకుంటారే! నా సెంటు అలాగే పోయింది. ఇలా ఇవ్వు" అంటూ పొద్దున్నే రెండు చిన్న సీసాలు వేడినీళ్ళతో కడిగి, మందు వాటిలోకి వంపి, పెద్ద సీసా చెత్తబుట్టలో పడేసింది. "ఎంతైనా నా బుర్రే బుర్ర!" అని మురిసిపోయింది కూడా.

తనిఖీ చేసే ఆవిడ ఒక సీసా మూత తిప్పి వాసన చూసింది.

"ఇది షాంపూ కాదే?"

"మందండీ, మా బాబుది" అంది అమ్మ.

"డాక్టర్ చీటీ ఏది?"

"పెద్ద పెట్టెలో ఉండిపోయిందండీ. అది లోపలికి వెళ్ళిపోయింది."

"మందని చెప్పి, చీటీ చూపిస్తే పెద్ద సీసానే పంపేవాళ్ళం కదమ్మా! ఇప్పుడిది ఏమిటని నమ్మను?" ఆవిడ చెయ్యి చెత్తడబ్బా వైపు వెళ్ళింది.

అక్క ముందుకొచ్చింది. కొత్తవాళ్ళు పేరడిగినా అమ్మ చాటుకి పోయే పిల్ల.

"పారేయకండి!" అంది. అది తన గొంతేనా అనిపించింది. "వాడికి విమానంలో మూర్ఛ వస్తే మేమేం చేయాలండీ? మిషన్‌లో పెట్టి చూడండి. మేం ఇక్కడే నిలబడతాం."

ఆవిడ అక్కని ఎగాదిగా చూసి, సీసాలు పట్టుకుని వెళ్ళింది.

"ఇంకెంతసేపమ్మా, మా విమానం కాస్తా వెళ్ళిపోతుంది" అని వెనక ఎవరో విసుక్కున్నారు. తమ్ముడి చెయ్యి నిద్రలో కదిలింది. మామూలుగానే కదిలిందో, ఇంకేదైనా మొదలవుతోందో తెలియక అక్క దాన్ని గట్టిగా పట్టుకుంది.

ఆవిడ తిరిగొచ్చి సీసాలు అక్క చేతిలో పెట్టింది. "మిషన్‌లో తేడా ఏమీ రాలేదు, తీసుకెళ్ళండి. కానీ విమానం మారేచోట మళ్ళీ తనిఖీ ఉంటుంది. వాళ్ళేమంటారో నేను చెప్పలేను."

అమ్మ కుర్చీలో కూలబడింది. "మీ పిన్నికి ఫోన్ చేసి నాలుగు దులపనా?"

"తర్వాతమ్మా."

విమానంలో అక్క సీసాలు ఒళ్ళో పెట్టుకుని, చెప్పాల్సిన మాటలు పెదవులతో వల్లెవేసుకుంటూ కూర్చుంది. దిగాక రెండో తనిఖీలో ఎవరూ అడక్కముందే వాటిని ట్రేలో విడిగా పెట్టింది.

"ఇది మా తమ్ముడి మందండీ."

అక్కడి మనిషి సీసా ఎత్తి చూసి, ఇంకొకతన్ని పిలిచాడు. మందు వేసే వేళ దగ్గరపడుతోంది. అమ్మ చాటుకి పోకుండా అక్క వాళ్ళిద్దరికీ మళ్ళీ మొదటినుంచీ చెప్పసాగింది.