స్పామ్‌లో పడిన అమ్మవారు

పెళ్లయిన కొత్తలో బావ నాకిచ్చిన బహుమతి ఒక ఈమెయిల్ చిరునామా. చివర్లో మా శిల్పశాల పేరే ఉంటుంది. కంప్యూటర్లు చదివిన నేను నగ చేయించినంతగా మురిసిపోయాను. రాయి చెక్కడం పాములేటి బావ పని, ఉత్తరాలు రాయడం నా పని. ఆళ్లగడ్డ షెడ్డులో అతని జుట్టు మీద పేరుకున్న తెల్లటి దుమ్మును కొంగుతో దులపడం కూడా నా పనే అనుకునేదాన్ని. పిలవకపోయినా వెళ్లేదాన్ని.

అప్పటికే షెడ్డు మూసే మాట నడుస్తోంది. మామకు వయసు మీదపడి ఉలి నిలవడం లేదు. బళ్లారి వైపు గుడి కమిటీ ఒకటి అమ్మవారి విగ్రహం అడిగితే, బావ ఒక్కడే తలపెట్టాడు.

"ఈ అమ్మ గుడికి పోతే షెడ్డు నీది. పోకుంటే కోత మిషను అమ్మేస్తా. నువ్వు యాడన్నా కూలికి పో," అన్నాడు మామ.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విగ్రహమంతా పూర్తయినా కళ్లు తెరవరు, కనుపాపలు చెక్కరు. ఫొటోలు పంపి ఆగుతారు. చేయించుకున్నవాళ్లే చూసి, ముహూర్తం పెట్టి, తెరవమని చెప్పాలి. నేను ఫొటోలు మెయిల్ చేశాను. జవాబు లేదు. మళ్లీ పంపాను. లేదు.

"ఫోన్ చేద్దాం మామా."

"వద్దు. కన్ను తెరవమని మనమే అడుక్కుంటే అమ్మది అరువు చూపు అయితాది."

"మెయిల్ పంపేది అడుక్కోవడం కాదా?"

"అది చూపిచ్చేది. కాలేజీ తెలివి ఈడ వద్దు."

బావ నవ్వు ఆపుకుంటూ ఉలి వైపు తిరిగాడు. నాకు ఆ నవ్వే చాలనిపించింది.

ఒక ఉదయం మెయిల్ తెరిస్తే వందల ఉత్తరాలు తిరిగొచ్చి ఉన్నాయి. లాటరీలు, బరువు తగ్గే మాత్రలు. ఒక్కటీ నేను రాసింది కాదు. అన్నీ మా పేరుతోనే వెళ్లాయి.

బావా నేనూ నంద్యాల బస్సెక్కాం. కారం చల్లిన జామకాయ సగం అతను, సగం నేను తిన్నాం. మా మెయిల్ ఏర్పాటు చేసిన ఖాజా అన్న దుకాణం బస్టాండు పక్కనే. స్క్రీన్ చూసి ఆయన కుర్చీ మా వైపు తిప్పాడు.

"తప్పు నాదే చెల్లెమ్మా. నా సర్వరు ఎవరి ఉత్తరం ఇచ్చినా అడక్కుండా మోస్తాండాది. దొంగోళ్లు దాన్ని పట్టుకుని మీ పేరు వేసి చెత్తంతా పంపినారు."

"మా పేరు వాళ్లెట్ల వేస్తారన్నా?" అన్నాడు బావ.

"పంపినవాడి పేరు ఎవడైనా రాసుకోవచ్చప్పా. ఫలానా సర్వరు పంపితేనే మాది అని మీ డొమైన్‌లో, అదే మీ చిరునామా చివరి పేరు దగ్గర, చెప్పిపెట్టాల. ప్రతి ఉత్తరానికీ సంతకం ఉండాల. నేను రెండూ పెట్టల్యా. అందుకే మీ నిజం ఉత్తరాలూ స్పామ్‌లో పడినాయి."

ఆ మధ్యాహ్నమే ఆయన సర్వరు తలుపు మూశాడు. పాస్‌వర్డు లేనివాళ్ల ఉత్తరం ఇక మోయదు. మా డొమైన్‌లో రాయాల్సింది రాశాడు, సంతకం కలిపాడు. పరీక్షకు పంపిన ఉత్తరం తిన్నగా ఇన్‌బాక్స్‌లో పడింది. నేను బావ చేయి గిల్లాను. అక్కడినుంచే కమిటీకి ఫొటోలు మళ్లీ పంపాను.

ఇల్లు చేరేసరికి జవాబు వచ్చింది. షెడ్డులో నిలబడి పైకే చదివాను. మీ పాత ఉత్తరాలు స్పామ్‌లో ఇప్పుడే చూశాం. మీరు పని వదిలేశారనుకుని వేరేచోట తెచ్చిన విగ్రహాన్ని పోయిన శుక్రవారం ప్రతిష్ఠించాం. క్షమించండి.

"మళ్లీ చదువు మే," అన్నాడు బావ. చదివాను.

"ఇంకో గుడికి ఇద్దాం మామా," అన్నాను.

మామ తల అడ్డంగా ఊపాడు. "ఆ ఊరి అమ్మ ఆమె. ఆ కొలతలు, ఆ చేతుల్లో ఉండే ఆయుధాలు ఇంకో ఊరికి పనికిరావు." తర్వాత బావ వైపు తిరిగాడు. "మిషను కొంటామన్నోళ్లకు చెప్పు నాయనా."

ఆయన ఒక్క తిట్టు తిట్టినా ఏడవగలిగేదాన్ని.

"బేతంచెర్లలో నాపరాళ్ల కోతకు మనుషులు కావాలంటాండారు," అన్నాడు బావ. జుట్టు నిండా దుమ్ము ఉంది. దులపడానికి నా చేయి లేవలేదు.

ఖాజా అన్న ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, ఈసారి మెయిలు చేరిందా?"

"చేరిందన్నా," అన్నాను.

ఆయన సంతోషపడ్డాడు. బావ తన ఉలులు ఒక్కొక్కటే తుడిచి గోనెసంచిలో వేస్తున్నాడు.