ముద్ర పడని చెట్టు

నేను ఒక సుత్తిని. మేకులు కొట్టే రకాన్ని కాను, అటవీశాఖ ముద్ర సుత్తిని. నా మొహం మీద రెండక్షరాలు, ఒక అంకె ఉంటాయి. నా ముద్ర పడిన చెట్టును నరికేస్తారు, పడనిది బతుకుతుంది. నన్ను కాల్చి సాగగొట్టిన కమ్మరి పేరు ఎక్కడా రాయలేదు గానీ, నేను పోతే మాత్రం పోలీసు రిపోర్టు ఇవ్వాలి.

నలుగురు రేంజర్ల చేతులు మారి శశిభూషణరావు గారి చేతికి వచ్చాను. మంచివాడే, కాకపోతే కాగితాన్ని నమ్మే మనిషి. సముద్రపు ఒడ్డున ఉన్న సరుగుడు తోటకు పెనుగాలి వస్తే ఎంత ముప్పో లెక్కగట్టి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన తోట నడుమకు వెళ్లి, నీడ బాగున్న చోట ముప్పై చెట్ల ఎత్తు, చుట్టుకొలత తీసుకున్నారు. అన్నీ నిటారుగా ఉన్నాయి. ‘ముప్పు స్వల్పం’ అని రాసేశారు. ఆ చేత్తోనే తోటను పలచన చేసే పని కూడా పెట్టుకున్నారు. వంకరవీ గిడసబారినవీ తీసేయాలని నియమం. అలాంటివన్నీ సముద్రం వైపు వరుసల్లోనే ఉన్నాయి.

తోట కాపలా కొర్లమ్మది. ఇల్లు తోట వెనకే. రెండు వేసవులు కడవలతో నీళ్లు మోసి ఆ మొక్కల్ని బతికించింది. ఆవిడ అడ్డం నిలబడింది.

"ఆ వంకర సెట్లే గాలిని ఆపుతన్నాయి బాబూ. ఆటిని తీసేత్తే లోపలివి నిలబడవు. నా ఇల్లూ నిలబడదు."

ఆయన ఓపిగ్గా నియమం వివరించారు. నేను నాలుగు వందల చెట్ల మీద పడ్డాను. చెప్పొద్దూ, అప్పుడు నాకు గర్వంగానే ఉంది.

కార్తీకంలో తుపాను వచ్చింది. ఎన్నడూ గాలి దెబ్బ ఎరగని లోపలి చెట్లు రెండు వేలూ ఒకే వైపుకు ఒరిగిపోయాయి. ఒకటి కొర్లమ్మ ఇంటి కప్పును కూల్చింది. ఆ పూట పక్కింట్లో ఉండబట్టి ఆవిడ బతికింది. అయితే పడిపోయిన చెట్టునైనా నా ముద్ర లేనిదే కదపకూడదు. ఆవిడ వంతు వచ్చేసరికి తొమ్మిదో రోజైంది. అందాకా ఆ కొమ్మల పక్కనే పొయ్యి పెట్టుకుని వండుకుంది.

రేంజరుగారు నన్ను ఎత్తారు. కొర్లమ్మ మాను మీద అరచెయ్యి ఆనించింది.

"కొట్టకండి బాబూ. ముందల కొట్టినవి సాలు."

ఆయన నన్ను ఇసకలో పడేసి, కూలీలతోపాటు తానూ మొదలు పట్టుకుని చెట్టును పక్కకు లాగారు.

పడిన చెట్ల లెక్కకూ ముద్రల లెక్కకూ రిజిస్టరులో ఒక చెట్టు తేడా వచ్చింది. విచారణ జరిగింది. రెండు వేల చెట్లు పడినందుకు ‘ప్రకృతి వైపరీత్యం’ అన్న ఒక్క మాట సరిపోయింది. ముద్ర లేని ఆ ఒక్కదానికి మాత్రం రేంజరుగారు పదకొండు పేజీల సంజాయిషీ రాసుకున్నారు. నన్ను గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, సాక్ష్యంగా బీరువాలో పెట్టారు. కొట్టని చెట్టు గురించి నేనేం సాక్ష్యం చెప్పను? కొట్టిన నాలుగు వందల గురించి నన్ను ఎవరూ అడగలేదు.